రన్‌వే చివర ఆరబోసిన వడ్లు

పెబ్బేరు నుంచి వనపర్తి పోయే దారికి లోపలగా, మెట్ట భూముల నడుమ, విమానం నడపడం నేర్పే బడి ఒకటి పెట్టిన ఏడాదే నేను అందులో పనికి చేరాను. మా ఆయన పోయి అప్పటికి మూడేళ్లు. కాగితం మీద నా హోదా రన్‌వే స్వీపర్. తొమ్మిదేళ్లు చేసి, రెండేళ్ల కింద దిగిపోయాను. ఇప్పుడు చెప్పబోయేది ఆరో ఏడు, ఉగాది దాటిన రెండో వారంలో జరిగింది. నేను చెబుతుంటే మా ఊరి పంతులమ్మ రాస్తున్నది. ఎక్కడా తగ్గించి రాయొద్దని ఆమెకు ముందే చెప్పాను.

విమానాల బడిలో ఊడ్చే పని అంటే మా ఊరివాళ్లు నవ్వేవాళ్లు. అది వాకిలి ఊడ్చినట్టు కాదు. పొద్దు పొడవక ముందే ఇద్దరం ఆడవాళ్లం రన్‌వే రెండు కొసల నుంచి బయలుదేరి నడిమికి వచ్చేవాళ్లం, పడమటి కొస నాది. చిన్న విమానానికి ముందర ఒకటే పంకా ఉంటుంది, అది నేలకు చాలా దగ్గర. తిరిగేటప్పుడు కింద ఉన్న రాయిని పైకి గుంజుకుంటుంది. ఆ రాయి తగిలి పంకా రెక్కకు గోరంత గంటు పడితే, ఆ గంటు నుంచి బీట వస్తుంది. అందుకే రాయి, మేకు, తీగ ముక్క, ఏది దొరికినా డబ్బాలో వేసి సూపర్‌వైజర్ శేఖర్ ముందు పెట్టాలి. అతను రిజిస్టరులో రాసుకునేవాడు. సంత రోజుల్లో పెబ్బేరు పోయే పశువులు కంచె తోసుకుని లోపలికి వచ్చేవి. ఆ రోజు డబ్బాకు తోడు పేడ తట్ట కూడా ఉండేది.

మా మీద శేఖర్, శేఖర్ మీద మేనేజర్, అందరి మీద చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ సారు. ఆయన మిలిటరీలో విమానాలు నడిపి వచ్చినవాడు. స్వీపర్లను కూడా వరుసగా కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. పిట్టల పాఠం ఆయనే చెప్పాడు. పొద్దున ఇంజన్లు స్టార్ట్ చేయక ముందు మేము పటాకులు కాల్చి పిట్టలను వెళ్లగొట్టాలి. ఒకసారి ఇంజన్ స్టార్ట్ అయిందా, ఇక పిట్టను లేపకూడదు. కూర్చున్న పిట్ట విమానానికి అడ్డం రాదు, లేచిన పిట్టే వస్తుంది అనేవాడు. అప్పుడు పిట్టలు కనబడితే మా దగ్గరున్న ఎర్రజెండా ఊపాలి. రేడియో గదిలో కూర్చున్నవాళ్లు చూసి విమానాన్ని ఆపుతారు. జెండా ఎందుకు ఊపామో చూడడానికి జీపు వస్తుంది. ఇది పద్ధతి. నాకు బాగా తెలిసిన పద్ధతి.

ఆ ఏడు యాసంగి వడ్లు కోసే వేళకు మబ్బులు పట్టాయి. కొనుగోలు కేంద్రంలో వడ్ల కుప్పలో మిషన్ గుచ్చి తేమ చూస్తారు. తేమ ఎక్కువుంటే ట్రాక్టరును వెనక్కి తిప్పి పంపుతారు. మా మరిది కుర్మయ్య వడ్లు రెండుసార్లు వెనక్కి వచ్చాయి. మూడోసారి పోవడానికి ముందు అతను నా దగ్గరికి వచ్చాడు.

"వదినా, కల్లంల పోస్తే నాలుగు దినాలు పడ్తది. మొగులు జూడు ఎట్లున్నదో. మీ రన్‌వే కొసకు తారు ఊకెనే పడి ఉన్నది గదా. ఆడ రెండు దినాలు పోస్తే గలగల ఎండుతయ్. విమానం చక్రం ఆడిదాక రానే రాదు."

అతను చెప్పింది నిజమే. రన్‌వే పడమటి కొసను దాటి ఇంకా కొంత తారు వేసి ఉంటుంది. విమానం ఆగకుండా జారిపోతే ఆగడానికి అని పెట్టిన మిగులు చోటు అది. ఆరేళ్లలో ఒక్క చక్రం కూడా దాని మీదికి రాలేదు. మధ్యలో నేల కొంచెం ఎత్తు కావడంతో ఆఫీసు నుంచి చూస్తే అక్కడ నిలబడ్డ మనిషి కనబడుతుంది గానీ నేల మీద పోసింది కనబడదు. పైగా పొద్దుటి పూట గాలి తూర్పు నుంచి ఉంటుంది కాబట్టి విమానాలు తూర్పు వైపే లేచేవి. నేను శేఖర్‌ను అడిగాను. అతని వడ్లు కూడా తేమ అని వెనక్కి వచ్చి ఉన్నాయి. "ఎవలకు చెప్పకు ఈదమ్మా. నావి గూడ రెండు ట్రిప్పులు పోస్త," అన్నాడు.

కుర్మయ్య పెళ్లాం లక్ష్మి కావలి కూర్చుంది. పిట్టలు రానీయొద్దని నేను గట్టిగా చెబితే ఆమె నవ్వింది.

"ఏందక్కా, నీ విమానాలు వడ్లు మేస్తయా? మేస్తే చెప్పు, మూతికి చిక్కం కడ్త."

ఒక ఖాళీ నూనె డబ్బా, కర్ర ఇచ్చాను. విమానం సప్పుడు వినబడితే డబ్బా కొట్టి పిట్టలను లేపేయమన్నాను. అవును, ఇంజన్ స్టార్ట్ అయ్యాక పిట్టను లేపకూడదని పాఠం విన్నదాన్ని నేనే ఆ మాట చెప్పాను. చేను కాడ అంతే కదా చేస్తాం. పిట్ట వాలితే డబ్బా కొడతాం, అది పోతుంది. నా చేతులకు ఆ అలవాటే ముందు వచ్చింది. చక్రం గురించి అందరం ఆలోచించాం, పిట్టల గురించి మాత్రం కల్లం కాడి లెక్కే వేసుకున్నాం.

శ్రావణి అనే అమ్మాయి అప్పుడు అక్కడ నేర్చుకుంటున్నది. వరంగల్ వైపు పిల్ల, ఇరవై రెండేళ్లు. వాళ్ల నాయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి దిగిపోయినవాడు. పొద్దున నేను డబ్బా తీసుకుని వస్తుంటే రోజూ ఆపేది.

"పెద్దమ్మా, ఇయ్యాల ఎన్ని రాళ్లు దొరికినయ్?"

"ఆరు."

"జమ చెయ్యి. నా పెండ్లికి ఇల్లు గట్టుకుంట."

పక్కన సారు లేకుండా ఒక్కరే విమానం తీసుకుపోవడాన్ని సోలో అంటారు. ఆ అమ్మాయి అప్పటికి చాలా సోలోలు చేసింది. చెడ్డ పేరు లేదు. దిగేటప్పుడు చక్రాలు నేలకు ఆనింది కూడా తెలియనట్టు దింపేది. అది నేను మెచ్చుకోలుకు చెప్పడం లేదు, రన్‌వే మీద టైరు రాసుకున్న మరకలు తుడిచేది నేనే కాబట్టి ఎవరు ఎట్లా దింపుతారో నాకు తెలుసు.

వడ్లు పోసిన మూడో రోజు. పొద్దుటి విమానాలు తూర్పుకే లేచాయి. పది దాటాక మబ్బు కమ్మింది, గాలి మారింది. రన్‌వే పక్కన గుంజకు కట్టిన గాలి సంచి తోక తూర్పుకు తిరిగింది. అంటే గాలి పడమటి నుంచి వస్తున్నట్టు. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగానే లేవాలి. అంటే ఇక పడమటికి, వడ్లున్న వైపుకు లేస్తుంది. లక్ష్మి బువ్వ తినడానికి ఇంటికి పోయింది. నేను గడ్డి కోస్తూ కొడవలితో అటు వచ్చాను. చూస్తే వడ్ల మీద పావురాలు. ఊళ్లో పాత గడీ గోడల్లో ఉండేవన్నీ అక్కడికే వచ్చినట్టున్నాయి. తారు కనబడడం లేదు.

అవతలి కొసన ఇంజన్ పెద్దగా మోగింది.

ఎర్రజెండా నా నడుముకు చెక్కి ఉంది. తీసి ఊపితే రేడియో గది విమానాన్ని ఆపుతుంది. ఆపితే జీపు వస్తుంది. జీపు వస్తే వడ్లు చూస్తారు. నా పని పోతుంది, శేఖర్ పని పోతుంది, కుర్మయ్య మీద కేసు పడుతుంది. ఇదంతా ఆలోచించడానికి నాకు ఎంతో సేపు పట్టలేదు. జెండా ముట్టలేదు. లక్ష్మి వదిలిపోయిన నూనె డబ్బా తీసుకుని కొట్టాను.

పావురాలు ఒక్కసారే లేచాయి. పావురం లేస్తే తిన్నగా పోదు, ఒక చుట్టు కొట్టి అదే చోటికి వస్తుంది. కల్లం కాడ పెరిగిన నాకు ఇది తెలియని సంగతి కాదు. అవి చుట్టు తిరిగేటప్పటికి విమానం నేల విడిచి రెండు తాటిచెట్ల ఎత్తుకు వచ్చింది. గుంపంతా దాని ముందర అడ్డంగా పోయింది. విమానం ముక్కు చటుక్కున పైకి లేచింది. అందులో ఒక్కతే ఉన్న శ్రావణి పిట్టల మీదుగా దాటించాలని గుంజింది. ఒక్క పిట్ట కూడా తగలలేదు. దాటించింది. కానీ చిన్న విమానం ముక్కు ఒక హద్దు మించి ఎత్తితే రెక్కల మీద గాలి నిలవదు. ఇంజన్ బాగున్నా సరే, అది మోయదు. దాన్ని వాళ్లు స్టాల్ అంటారు. ఎత్తు ఉంటే ముక్కు దించి సరిచేసుకోవచ్చు. అంత ఎత్తు లేదు. ఎడమ రెక్క ఒరిగింది, కంచె అవతల కంది కొయ్యల్లో పడింది.

నేను కంచె దాటేటప్పటికి పావురాలు మళ్లీ వచ్చి వడ్ల మీద వాలాయి.

మంట లేవలేదు. పెట్రోలు వాసన వస్తున్నది. ఆ అమ్మాయి బెల్టులోనే ఉంది. నేను పేరు పెట్టి పిలిచాను, పలకలేదు. అంబులెన్స్ వనపర్తి దవాఖానకు చేరక ముందే ప్రాణం పోయిందని తరువాత చెప్పారు. నేను చూసినప్పుడే పోయిందని నా నమ్మకం.

అంబులెన్స్ పోయిన వెంటనే శేఖర్ నన్ను పక్కకు పిలిచాడు.

"ఈదమ్మా, రేపు ఢిల్లీ నుంచి విచారణకు వస్తరు. వడ్లు ఎత్తియ్యాలె. గింజ మిగలొద్దు. మిగిలితే నువ్వు, నేను, మీ కుర్మయ్య, ముగ్గురం జైలే."

కుర్మయ్య ట్రాక్టరు తెచ్చాడు. పోలీసులు విమానం చుట్టూ తాడు కట్టి దాని కాడ నిలబడ్డారు. జీపు, అంబులెన్స్ కంచె అవతలి బాటనే వచ్చి పోయాయి, మిగులు తారు వైపు ఎవరూ చూడలేదు. బస్తాలు పోయాక నేను ఈత చీపురు పట్టుకున్నాను. తారు బీటల్లో ఇరికిన గింజలను చీపురు పుల్లతో గీకి తీశాను. ఈకలు ఏరి కొంగులో కట్టుకుని పేడగుంతలో పూడ్చాను. పావురాల రెట్టలు నీళ్లు పోసి రుద్ది కడిగాను. తొమ్మిదేళ్లలో నేను అంత బాగా ఎన్నడూ ఊడ్వలేదు. మరునాడు వచ్చిన అధికారులు రన్‌వే ఇంత శుభ్రంగా ఉంచుతున్నారా అని మేనేజరుతో అన్నారట.

ఆ అధికారులు ఇద్దరు. మర్యాదగానే అడిగారు. వాళ్లు హిందీలో అడగడం, శేఖర్ తెలుగులో చెప్పడం. చివరి ప్రశ్న పిట్టలు ఉన్నాయా అని. శేఖర్ నా కళ్లలోకి చూస్తూ అడిగాడు. లేవు సారూ అన్నాను. కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నాకు వచ్చిన అక్షరాలు నా పేరులోని మూడే. ఆ మూడూ పెట్టాను.

వారం తరువాత ఆ అమ్మాయి నాయన వచ్చాడు. విమానాన్ని షెడ్డులో పెట్టి ఉంటే, అనుమతి అడిగి ఇంజన్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చేయి పెట్టలేదు. వాకిట్లో ఊడుస్తున్న నన్ను చూసి ఆగాడు.

"చెల్లె, నువ్వు ఆడనే ఉన్నవంట గదా. ఇంజన్ సప్పుడు ఎట్ల వచ్చింది? ఆగి ఆగి వచ్చిందా?"

"మంచిగనే వచ్చిందన్నా."

"మరి ఎందుకు లేపింది? ముప్పై ఏండ్లు బండ్లు జూసిన నేను. నడిపెటోడు ఊకెనే ఏదీ చెయ్యడు. ముందర ఏదో ఉంటేనే చేస్తడు. ఏమన్న ఉండెనా?"

"నేను వంగి ఊడుస్తున్న అన్నా. సూడలే."

ఆయన తల ఊపి బస్సుకు పోయాడు.

కొన్ని నెలలకు రిపోర్టు వచ్చింది. ఇంజన్‌లో లోపం లేదు, వాతావరణంలో లోపం లేదు, పిట్టల ఆనవాలు లేదు. నేర్చుకుంటున్న మనిషి కారణం కనబడకుండా ముక్కు ఎత్తడం వల్ల విమానం పడింది అని అందులో ఉంది. చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ సారు దాన్ని పాఠంగా పెట్టాడు. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా గోడ మీద బొమ్మ గీసి, విమానం ఎక్కడ లేచింది, ఎక్కడ పడింది చూపించేవాడు. నేను ఆ గది ఊడ్చేదాన్ని. ఒక రోజు బయటకు వచ్చిన ఇద్దరు పిల్లలు మాట్లాడుకుంటున్నారు.

"అరేయ్, ముక్కు అంత లేపకు. శ్రావణి చేస్తవా ఏంది?"

ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ల తప్పు లేదు. అప్పటికి ఆ అమ్మాయి పేరు అక్కడ ఒక తప్పుకు పేరు అయింది. ఇక ఎన్ని బ్యాచీలు వచ్చినా ఆ పేరును అట్లాగే నేర్చుకుంటాయి. అప్పటిదాకా నేను జైలు గురించి ఆలోచిస్తూ వచ్చాను. ఆ మధ్యాహ్నం చీపురు గోడకు ఆనించి సారు గదికి పోయాను.

అంతా చెప్పాను. వడ్లు, డబ్బా, జెండా, ఊడ్చింది, కడిగింది. సారు ఒకటే అడిగాడు.

"జెండా నీ దగ్గర ఉండిందా?"

"ఉండె సారూ."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తరువాత ఢిల్లీకి ఫోన్ చేశాడు. ఒక అధికారి వచ్చాడు. మళ్లీ అడిగారు, మళ్లీ చెప్పాను. ఆయన నేను ముందు సంతకం పెట్టిన కాగితం తీసి చూపించాడు. ఇందులో పిట్టలు లేవని ఉంది, ఇప్పుడు ఉన్నాయంటున్నావు, దేనికి సాక్ష్యం ఉంది అన్నాడు. శేఖర్ అప్పటికే పని మానేసి పోయాడు, అడిగితే నాకేమీ తెలియదన్నాడు. కుర్మయ్య అసలు అక్కడ వడ్లే పోయలేదన్నాడు. మిగులు తారు చూడడానికి పోయాం. వానాకాలమంతా తడిసి ఎండిన తారు. ఈకలు పూడ్చిన పేడగుంతను అప్పటికే తవ్వి చేలకు తోలేశారు. నేను వంగి బీటల్లో వెతికాను. ఒక్క గింజ దొరికితే చాలు అనుకున్నాను. దొరకలేదు. నా పని అంత బాగా చేశాను.

ఊళ్లో లక్ష్మి మా గడప తొక్కడం మానేసింది. ఒకనాడు బోరింగు కాడ అందరి ముందర అడిగింది.

"ఏందక్కా, పోయిన పిల్లను లేపుకొస్తవా? మా ఆయనను జైల్ల ఏపిచ్చి నువ్వు పుణ్యం మూట గట్టుకుంటవా? డబ్బా కొట్టింది నువ్వే గాదా?"

అవును, కొట్టింది నేనే అన్నాను. ఆమె బిందె నిండకుండానే ఎత్తుకుని పోయింది.

సారు ఆ అమ్మాయి నాయనను పిలిపించాడు. నేనే చెప్పాలని ఆయన పట్టుపట్టాడు. వాకిట్లో, అదే చోట నిలబడి చెప్పాను. ఆ నాయన నన్ను తిట్టలేదు. కొడతాడేమో అనుకున్నాను, కొట్టలేదు.

"అంటే నా బిడ్డ ఊకెనే లేపలే."

"ఊకెనే లేపలేదన్నా. పిట్టలను తప్పిచ్చింది. ఒక్కటి గూడ తగలలే."

"గిది కాయిదం మీద ఎక్కుతదా?"

"ఎక్కదంట. సాక్ష్యం లేదంటున్నరు."

"నువ్వున్నవు గదా."

"నా మాట రెండు తీర్ల ఉన్నదంట అన్నా."

ఆయన అక్కడే మట్టిలో కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను, కూర్చోవడానికి నాకు హక్కు లేదనిపించింది. లేచేటప్పుడు ఒక్క మాట అన్నాడు. "మొదటిసారి నేను అడిగిన్నాడే చెప్తే, పేడగుంతల ఈకలన్న దొరుకుతుండె." మళ్లీ ఆయన రాలేదు. మా సారు ఫోన్ చేసినా ఎత్తడం లేదని చెప్పాడు.

చాలా రోజులకు ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. కొత్త వాంగ్మూలానికి ఆధారం లేదు కాబట్టి రిపోర్టు మార్చడం కుదరదని. నా పని తీసేస్తారనుకున్నాను. తీయలేదు. తీస్తే కారణం రాయాలి, రాస్తే బడి మీదికి వస్తుంది. సారు తన పాఠంలో ఆ బొమ్మ గీయడం మానేశాడు, కానీ ఆయన బదిలీ అయ్యాక వచ్చిన సారు రిపోర్టు చూసి మళ్లీ మొదలుపెట్టాడు. నేను దిగిపోయే రోజు కూడా ఆ గదిలో ఆ పాఠమే నడుస్తున్నది.

నా తరువాత చేరిన ఇద్దరు ఆడవాళ్లకు పని నేర్పాను. రాయి ఎట్లా వెతకాలో, టైరు మరక ఎట్లా తుడవాలో, ఇంజన్ మోగాక పిట్టను ఎందుకు లేపకూడదో. జెండా ఉన్నది ఊపడానికే అని చెప్పాను. వీటన్నిటి కంటే ముందు చెప్పింది ఇంకొకటి. ప్రమాదం జరిగిన నేల మీద చీపురు పెట్టొద్దు. సూపర్‌వైజర్ చెప్పినా, ఇంటివాళ్లు చెప్పినా పెట్టొద్దు. నిజం తరువాత చెప్పొచ్చులే అనుకుంటాం. తరువాత నోరు ఉంటుంది, నేల ఉండదు. రిపోర్టులో కారణం కనబడలేదని రాశారు. వాళ్లు రాసింది సరిగ్గానే ఉంది. కనబడకుండా ఊడ్చింది నేను.